శీర్షికకు మిగిలిన లిపి

ఈమధ్య మైలాపూరులోని ఒక తెలుగు ఇంటినుంచి నాకు పెళ్లిపత్రిక వచ్చింది. పైన "శుభలేఖ" అన్న మాట బాపు అక్షరాల ఒంపులతో ముచ్చటగా ఉంది. కింద ముహూర్తం, వేదిక, పిలిచేవారి పేర్లు అన్నీ ఇంగ్లీషులోనే. లిపి అలంకారంగా నిలిచి, చదువులోనుంచి తప్పుకోవడం ఇదే మొదలు కాదు. జర్మన్ అచ్చు చరిత్ర అందుకు సాక్ష్యం.

బ్లాక్ లెటర్ అక్షరాలు పుట్టుకతో అలంకారం కోసం ఏర్పడినవి కావు. మధ్యయుగపు యూరపులో లేఖకులు వెడల్పు పాళీతో రాసిన మామూలు దస్తూరీ అది. గీతలు లావుగా, ఒత్తుగా, కొసలు విరిగినట్లుగా ఉంటాయి. 1450ల్లో గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చువేసినప్పుడు ఆ దస్తూరీనే పోత అక్షరాలుగా మలిచాడు. తక్కిన దేశాలు చాలావరకు రోమన్ అక్షరాలకు మారినా, జర్మనీ 'ఫ్రాక్టూర్' అనే రూపంలో దానిని ఇరవయ్యో శతాబ్ది దాకా నిలుపుకొంది.

ఆ అచ్చుతో మనకూ చుట్టరికం ఉంది. 1726లో మద్రాసు చేరిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకొని, స్వదేశానికి తిరిగి వెళ్లాక, హాలె పట్టణంలో 1746–47లలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చుకు తొలి అడుగులు ఫ్రాక్టూర్ చదివే ఊళ్లో పడ్డాయన్నమాట.

1941 జనవరిలో నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఆ లిపిని పక్కన పెట్టింది. అవి యూదుల అక్షరాలన్నది చూపిన సాకు. అది పచ్చి అబద్ధం. బడిలో ఆ లిపి నేర్పడం మానేశాక, తరువాతి తరాలకు తాతల పుస్తకాలు చదవడం కష్టమైంది. నేడు బ్లాక్ లెటర్ న్యూయార్క్ టైమ్స్ పత్రిక పేరులో, పట్టాల మీద, బీరు సీసాల మీద గౌరవంగా కనిపిస్తుంది. అందరూ చూస్తారు; ఆ లిపిలో పుస్తకం చదివేవారు కొద్దిమంది.

మైలాపూరు సంగతికి వద్దాం. 1914లో ఆంధ్రపత్రికను మద్రాసులో దినపత్రికగా నడపడం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ ఇక్కడి లజ్ ప్రాంతంలోనే. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది అక్కడే. ఆ పత్రికలోనే బాపు కార్టూన్లు వేశారు. ఆయన చేతిరాత తరువాత కంప్యూటరు అక్షరాలుగా మారి పుస్తకాల అట్టలకూ, శుభలేఖలకూ ఎక్కింది. ఆయన శీర్షిక రాసిన రోజుల్లో దాని కింద కథ ఉండేది, ఆ కథ చదివే పాఠకుడూ ఉండేవాడు.

జర్మన్లకు లిపి పోయినా భాష మిగిలింది. వారి పుస్తకాలు రోమన్‌లో మళ్లీ అచ్చయ్యాయి. ఆంధ్రదేశానికి దూరంగా ఉన్న మనకు ఆ ధీమా లేదు. మన ఇళ్లలో లిపి పోతే, తాతగారి ఉత్తరాన్ని మళ్లీ అచ్చువేసేవారు ఎవరూ ఉండరు. కాబట్టి విద్యార్థులారా, మీ ఇంట శుభకార్యం వచ్చినప్పుడు పత్రిక కింది సగం కూడా తెలుగులో మీరే రాయండి. అక్షరాలు బాపుగారివి కాకపోయినా ఫరవాలేదు.