పాత ప్రాకారాల పునర్వినియోగం (ఉత్తర తెలంగాణ)

పాత ప్రాకారాల పునర్వినియోగం అంటే ఒక పాలకుడు కట్టిన గోడను, బురుజును, కందకాన్ని తరువాతివారు కూల్చకుండా తమ రక్షణకు మలచుకోవడం. ఐరోపాలో లండన్, కార్కసోన్ నగరాలు రోమన్ల గోడలను మధ్యయుగంలో ఇలాగే వాడుకున్నాయి. తెలుగునాట దీనికి మేలైన ఉదాహరణ ఓరుగల్లు.

కాకతీయ గణపతిదేవుడు మొదలుపెట్టిన ఓరుగల్లు కోటను రుద్రమదేవి పూర్తిచేసింది. వెలుపల మట్టికోట, దాని చుట్టూ కందకం. లోపల 45 బురుజుల రాతికోట. సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన నల్లరాతి దిమ్మెలే ఈ గోడ. దీని లోపలివైపు పొడవునా రాతిమెట్లున్నాయి; కాపలావాడు ఎక్కడినుంచైనా పైకెక్కగలడు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సేన కోటను ముట్టడించింది; ఆ ముట్టడి గురించి రాస్తూ ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో మట్టికోట బలానికి అబ్బురపడ్డాడు. ఈటె దిగదని, యంత్రం విసిరిన రాయి తగిలి వెనక్కి ఎగిరిపడుతుందని రాశాడు. రాతికన్నా మట్టికి దక్కిన ఈ మెప్పు గమనించదగినది. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకొని ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. గోడలు మాత్రం నిలిచే ఉన్నాయి.

ఆ తరువాత ముసునూరి నాయకులు, రేచర్ల వెలమలు, బహమనీలు ఆ గోడల వెనుకే ఏలారు. దర్వాజాల ముందు వంపు తిరిగే అడ్డుగోడలు తరువాత చేరినవే. వాటిలో గుడుల నుంచి తెచ్చిన చెక్కడపు రాళ్లు కనబడతాయి.

కరీంనగర్ నుంచి సిరిసిల్ల వెళ్లే దారిలో, మానేరు ఒడ్డున ఉన్న ఎలగందుల కొండకోటదీ ఇదే కథ. కాకతీయుల తరువాత బహమనీ, కుతుబ్‌షాహీ, మొగలు, అసఫ్‌జాహీ ఏలికలు దీన్ని వరసగా వాడుకున్నారు. 1754లో అసఫ్‌జాహీ అధికారి జఫర్ ఉద్దౌలా దీన్ని బాగుచేయించాడు. కొండపై నరసింహాలయమూ మసీదూ రెండూ ఉన్నాయి. 1905లో జిల్లా కేంద్రం ఇక్కడి నుంచి కరీంనగర్‌కు మారింది.

జగిత్యాల కోట దారి వేరు. 1747 ప్రాంతంలో చదునునేలపై కొత్తగా, నక్షత్రాకారంలో, చుట్టూ కందకంతో కట్టారు. కట్టినవారు జాక్, తాల్ అనే ఫ్రెంచివారని, ఊరిపేరు వారి నుంచే వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. పాత రాజధాని ఒకటి దగ్గరలోనే ఉన్నా ఈ కోట కొత్తచోట లేచింది: ఊరికి దగ్గరలోని పొలాస, కాకతీయ రుద్రదేవుడు ఓడించిన మేడరాజు రాజధాని. ఆ విజయం 1163 నాటి హనుమకొండ శాసనంలో ఉంది.