లారీ గేరుపెట్టె పూర్వకథ



పాతలారీకి వేఱొక ఇంజను బిగింపదలచినవారు ఆ ఇంజనును గూర్చి పదిమందిని విచారింతురు. దాని వెనుకనుండు గేరుపెట్టెను గూర్చి యొక్కనినైన నడుగరు. లేగలకు చేసిన కాడికి ఒంగోలు కోడెలను కట్టిన నేమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. వ్యాకరణము చెప్పి బ్రతికిన నాకు యంత్రములతో నేమి పనియందురేమో! గేరుపెట్టె చేయునదియు సంధికార్యమే. ఇంజను వేగముగ తిరిగిననేగాని బలమీయదు; బరువుబండి కదలునపుడు చక్రము మెల్లగ తిరుగవలెను. ఈ రెంటిని పొందుపఱచునది గేరుపెట్టె.

ఫ్రాన్సు దేశమున ఎమిల్ లెవస్సారు 1891 ప్రాంతమున, ప్రక్కకు జరుగు పళ్లచక్రములతో నిట్టి యేర్పాటును మోటారుబండికి అమర్చెను. గేరు మార్చినపుడెల్ల పళ్లు రాచుకొని కఱకఱలాడెడివి. 1928లో అమెరికాలోని కాడిలాక్ సంస్థవారు, జతపడబోవు చక్రముల వేగములను ముందుగ సమముచేయు సింక్రోమెష్ అను ఉపాయమును ప్రవేశపెట్టిరి.

అమెరికాలోనే సిరాక్యూస్ పట్టణమున 1888లో నొక సంస్థ పుట్టెను. వారు మొదట చేసినవి పచ్చితోలు పళ్లచక్రములు! ఇనుపచక్రముతో తోలుచక్రము కలిసి తిరిగిన చప్పుడు తగ్గునని వారి యోచన. తోలుతో మొదలిడిన యా న్యూ ప్రాసెస్ గేర్ సంస్థయే తరువాత లారీల గేరుపెట్టెలకు పేరుపొంది, 1990లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ వారి యుమ్మడి సంస్థయైన న్యూ వెంచర్ గేరులో కలిసెను.

ఇక అసలు కథ. 1989 నమూనా డాడ్జ్ చిన్నలారీకి కమ్మిన్స్ వారి 5.9 లీటర్ల డీజిలు ఇంజను పెట్టిరి. దాని అశ్వశక్తి 160 మాత్రమే. అదే పరిమాణముగల పెట్రోలు ఇంజనుకు అశ్వశక్తి అంతకంటె హెచ్చు. కాని డీజిలుకు మెలిత్రిప్పు బలము 400 అడుగుపౌనులు. పెట్రోలు ఇంజను దానికి చాల వెనుకబడును. గేరుపళ్లను విఱుచునది ఈ మెలిబలమేగాని అశ్వశక్తి కాదు. అశ్వశక్తినిజూచి గేరుపెట్టెను కొనువాడు మోసపోవుట ఇచ్చటనే.

మొదట ఆ లారీలకు గెట్రాగ్ అను జర్మను సంస్థ గేరుపెట్టె నుంచిరి. 1994లో దాని స్థానమున న్యూ వెంచర్ వారి ఎన్.వి. 4500 వచ్చెను. పెట్టె పోతయినుము, గేర్లు ఐదు. మొదటి గేరున ఇంజను 5.61 చుట్లు తిరిగిన వెనుక పెట్టెనుండి వెలువడు కడ్డీ ఒక్కచుట్టు తిరుగును; అనగా 400 అడుగుపౌనులు 2,200 దాటును. అంతటి భారమును మోయగల దగుటచేతనే పాతబండ్లకు ఆ డీజిలు నమర్చువారు దీనినే వెదకి కొనుచు వచ్చిరి.

దీనికిని మర్మస్థాన మొకటి గలదు. డాడ్జ్ లారీలలో ఐదవ గేరును పట్టియుంచు మఱ డీజిలు అదురునకు క్రమముగ సడలి, ఐదవ గేరు పనిచేయుట మానును. పాతపెట్టెను కొనువాడు తక్కినవన్నియు పిమ్మట చూచినను సరే, ముందుగ ఈ మఱను విప్పించి చూడవలెను. నూనెయు దీనికి నిర్ణయించినదే పోయవలెను. వేఱు నూనె సింక్రోమెష్ వలయములను చెఱచును.

టాటా, కమ్మిన్స్ సంస్థలు 1993లో నెలకొల్పిన యుమ్మడి సంస్థ జంషెడ్‌పూరులో ఈ వంశపు ఇంజనులనే టాటా లారీలకు తయారుచేసినది. కావున ఈ ప్రశ్న మన బాటలకును దూరమైనది కాదు. మేస్త్రీ మీకు అశ్వశక్తి యెంతో చెప్పి యూరకున్నచో, మెలిబలమెంత, ఈ పెట్టె యెంతకు ఓర్చునని మరల నడుగుడు.