పరీక్షకులకును పరీక్ష

ధనము గలవానికి శాస్త్రము తెలియదు. శాస్త్రము తెలిసినవానికి ధనము లేదు. ఈ యిరువురి నడుమ నమ్మకము కుదుర్చుట యెట్లు? ఇది మిగుల పాత ప్రశ్న. మన సంస్థానములలో ప్రభువు అవధానిని సత్కరింపదలచినప్పుడు తానే తీర్పు చెప్పక, సభ కూర్చి, పృచ్ఛకులచేత ప్రశ్నలు వేయించెడివాడు. పండితుని లోతు పండితునికే తెలియును గదా! నేడు ప్రభువుల స్థానమున ప్రభుత్వములు నిలిచినవి. శాలువలకు బదులు వైద్య పరిశోధకులకు గ్రాంటులు లభించుచున్నవి. ఆ పంపకమునకును తోటి పండితుల తీర్పే ప్రమాణము. అయితే ఆ ధనము పన్ను గట్టు ప్రజలది. దాని ఫలమునకై యెదురుచూచువారు రోగులు. కావున ఈ తీర్పు ఎట్లు పుట్టినదో, ఎట్లు జరుగుచున్నదో, దాని గుణదోషము లెవ్వియో తెలిసికొనుట శాస్త్రజ్ఞులకు మాత్రమే వదలదగిన పని కాదని మా యభిప్రాయము.

ఈ పద్ధతి బాగుగ వేరూనిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. 1937వ సంవత్సరమున అచ్చటి శాసనసభ జాతీయ క్యాన్సరు సంస్థను నెలకొల్పుచు, బయటి పరిశోధకుల దరఖాస్తులను పరిశీలించి సిఫారసు చేయుటకై యొక సలహా మండలిని గూడ శాసనముననే యేర్పరచెను. పిమ్మట యుద్ధము వచ్చెను. 1941లో నేర్పడిన వైద్య పరిశోధనా సంఘము పెన్సిలినును గూర్చియు, మలేరియా మందులను గూర్చియు విశ్వవిద్యాలయములకు కంట్రాక్టు లిచ్చి పని చేయించెను. యుద్ధము ముగియగా, మిగిలిన కంట్రాక్టులు ప్రజారోగ్య శాఖకు సంక్రమించెను. వానిని నిర్వహించుటకు 1946 జనవరిలో జాతీయారోగ్య సంస్థయందు పరిశోధనా గ్రాంటుల కార్యాలయ మొకటి తెరవబడెను. కాసియస్ వాన్ స్లైక్ అను వైద్యుడు దాని కధిపతి. ఎర్నెస్ట్ అలెన్ ఆయనకు కుడిభుజము.

వీరు యుద్ధకాలపు ఆజ్ఞాపద్ధతిని విడిచిరి. ఏ ప్రశ్నను శోధింపవలెనో పరిశోధకుడే యోచించుకొని ధనమడుగవచ్చు ననిరి. అడిగినవారి కెల్ల నిచ్చుట సాధ్యము గాదు గనుక, ఒక్కొక్క శాస్త్రశాఖకు ‘స్టడీ సెక్షన్’ అను పండిత సంఘములను గూర్చిరి. అందలి సభ్యులు విశ్వవిద్యాలయములందును వైద్య కళాశాలలందును స్వయముగా పరిశోధన చేయువారు. ఈ సంఘము దరఖాస్తు యొక్క శాస్త్రయోగ్యతను మాత్రమే నిర్ణయించును. ధనము మంజూరు చేయు అధికారము దానికి లేదు. దాని తీర్పును సలహా మండలి మరల పరిశీలించును. ఆ మండలియందు శాస్త్రజ్ఞులతోపాటు సామాన్య పౌరులును గలరు. తుదకు మంజూరు చేయువాడు సంస్థాధిపతి. అనగా, తూచువాడు వేరు, పెట్టె తాళపుచెవి గలవాడు వేరు. ఈ యేర్పాటు బలమంతయు ఈ విభజనమునందే యున్నదని మేము తలంతుము.

ఇక దరఖాస్తు నడక యెట్టిదో చూతము. సాధారణముగా ముగ్గురు సభ్యులు దానిని ముందుగా చదివి, గుణదోషములు వ్రాసి, 1 మొదలు 9 వరకు అంకెలు వేయుదురు. 2009 నుండి వచ్చిన ఈ కొలతలో చిన్న యంకెయే గొప్పది. వెనుకబడిన దరఖాస్తులు, దాదాపు సగము, సభలో చర్చకే రావు. మిగిలినవానిని సభ్యులందరు చర్చించి, ఎవరి యంకెను వారు చాటున వేయుదురు. ఆ యంకెల సగటును పదింట హెచ్చించగా 10 మొదలు 90 వరకు నొక తుది యంకె యేర్పడును. దరఖాస్తుదారుని సంస్థలో పనిచేయువాడుగాని, ఇటీవల అతనితో కూడి వ్యాసములు ప్రకటించినవాడుగాని, అతని బంధువుగాని సభ్యులలో నున్నచో, ఆ చర్చవేళ గది వెలుపలికి పోవలయును.

ఏర్పాటు చక్కనిదే. కాని మనిషి గుమ్మము దాటినంత మాత్రమున అతని పలుకుబడియు గుమ్మము దాటునా? పైగా ఇచ్చట తీర్పరియు నొక పరిశోధకుడే. నేడు తూచువాడు రేపు అదే ధనమునకు చేయి చాచువాడు. మన అవధానమున ప్రశ్నయు, పూరణయు సభవారందరు వినుచుండగా జరుగును. పృచ్ఛకుడు అన్యాయము చేసిన సభవారే యెరుగుదురు. గ్రాంటుల తీర్పు మూసిన తలుపుల వెనుక జరుగును. తలుపు వెనుక నేమి జరిగినదో ఒక దేశమున లెక్కలతో సహా బయటపడినది. ఆ కథ చదువరులు తెలిసికొనదగినది.

స్వీడన్ దేశమున ప్రభుత్వ కార్యాలయముల కాగితములను ఏ పౌరుడైనను అడిగి చూడవచ్చునని 1766 నాటి పత్రికా స్వాతంత్ర్య శాసనము మొదలు ఒక సంప్రదాయము గలదు. క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అను ఇద్దరు స్త్రీ శాస్త్రజ్ఞులు ఆ హక్కును బట్టి, అచ్చటి వైద్య పరిశోధనా మండలి తీర్పరులు వేసిన యంకెల కాగితములను చూపుమని యడిగిరి. అవి అధికార పత్రములు కావని మండలి నిరాకరించెను. వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. చూపవలసినదే యని 1995లో తీర్పు వచ్చెను.

ఆ యేట యువ పరిశోధకుల వేతనములకు 114 దరఖాస్తులు వచ్చియుండెను. అందు 62 పురుషులవి, 52 స్త్రీలవి. ఇచ్చిన వేతనములు 20. అందు పురుషులకు 16, స్త్రీలకు 4. స్త్రీల పని తక్కువది యగుటచేతనే అట్లు జరిగినదా? ఆ యిద్దరును ప్రతి దరఖాస్తుదారుని వ్యాసములను లెక్కించి, అవి వెలువడిన పత్రికల స్థాయిని గూడ గణించి, తీర్పరులిచ్చిన యంకెలతో పోల్చి చూచిరి. శాస్త్రసామర్థ్యమున ఒకే యంకె పొందుటకు స్త్రీ, పురుషునికంటె రెండున్నర రెట్లు ఎక్కువ పని చూపవలసియుండెనని తేలెను. మరియొక సంగతియు తేలెను. సంఘసభ్యునితో సంబంధము గలవాని దరఖాస్తుకు ఆ సభ్యుడు నియమానుసారము అంకె వేయలేదు. కాని తక్కిన సభ్యులే ఎక్కువ యంకెలు వేసిరి! ఈ ఫలితములు 1997లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటింపబడినవి.

ఆ తీర్పరులు దుర్మార్గులని మేము చెప్పబోము. వారు తమ మనస్సాక్షికి లోబడియే తూచితి మనుకొని యుందురు. తక్కెడలోనే వంకర యున్నది. అది తూచువాని కంటికి కనబడదు. కాగితములు తెరవకున్న ఎన్నటికిని ఎవరికిని కనబడకపోయెడిది.

అమెరికాలోను ఇట్టి సంగతులు లెక్క తీసినప్పుడే తెలిసినవి. జాతీయారోగ్య సంస్థ తానే పూనుకొని చేయించి, 2011లో వెలువడిన యొక పరిశీలనయందు, చదువు, అనుభవము, ప్రకటనలు మొదలగునవి సమానముగా నెంచి చూచినను, నల్లజాతి పరిశోధకులకు గ్రాంటు లభించు నవకాశము తెల్లవారికంటె నూటికి పది పాళ్లు తక్కువగా నుండెనని తేలెను. 2018లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనయందు 43 మంది తీర్పరులకు 25 దరఖాస్తులను పంచియిచ్చి చూడగా, ఒకే దరఖాస్తును చదివినవారి నడుమ ఏకాభిప్రాయమే కనబడలేదు. కతలిన్ కరికో కథ లోక మెరిగినదే. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏతో చికిత్స చేయవచ్చునని నమ్మిన ఆమెకు గ్రాంటులు మాటిమాటికి నిరాకరింపబడుటచే, 1995లో విశ్వవిద్యాలయమున ఉన్నతపదవికి పోవు త్రోవ నుండి దింపబడెను. కరోనా టీకాలకు మూలమైన ఆ పనికే 2023లో నోబెలు బహుమానము వచ్చెను.

అయినచో ఈ పద్ధతిని త్రోసివేయవలెనా? అట్లు చేసిన తాళపుచెవి గలవాని యిష్టమే తీర్పగును. అది వెనుకటి ఆస్థానములకంటెను హీనము. దిద్దుకొనుటయే మార్గము. న్యూజిలాండు ఆరోగ్య పరిశోధనా మండలి 2013 నుండి సాహసోపేతమైన యోచనలకు ‘ఎక్స్‌ప్లోరర్’ గ్రాంటుల నిచ్చుచు, యోగ్యములని తేలినవానినుండి చీట్లు వేసినట్లు ఎన్నుకొనుట మొదలిడెను. తూనికకు అందని చోట అందదని యొప్పుకొనుట యందును నిజాయితీ గలదు. అమెరికాలో 2025 నుండి పరిశోధకుని సామర్థ్యమునకును, అతని సంస్థకును విడిగా అంకెలు వేయుట మానిరి. గొప్ప పేరుకు మార్కులు పడకుండుటయే దాని యుద్దేశము.

మన దేశమునందును ఈ విషయము పరాయిది కాదు. 1911లో నెలకొన్న భారత పరిశోధనా నిధి సంఘమే 1949లో భారత వైద్య పరిశోధనా మండలి యయ్యెను. దాని పోషకాహార పరిశోధనాలయము 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు వచ్చెను. మన పరిశోధకులును దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. మన పండితులును తూచుచున్నారు. 2005 నాటి సమాచార హక్కు చట్టమును మనకు గలదు.

తీర్పరుల పేర్లు బయటపడిన వారు నిర్భయముగా వ్రాయజాలరని కొందరందురు. అది నిజమే. కాని పేర్లు దాచుట వేరు, లెక్కలు దాచుట వేరు. ఎవరు వేసిరో చెప్పకున్నను, ఎంత వేసిరో, స్త్రీలకెంత, పురుషులకెంత, పట్టణపు పెద్ద సంస్థలకెంత, మారుమూల కళాశాలలకెంత యని యేటేట లెక్క ప్రకటింపవచ్చును. ఆ లెక్క యడుగుట శాస్త్రమును అవమానించుట కాదు. ప్రయోగఫలమును పదుగురికి చూపి నిగ్గు తేల్చుకొనుటయే శాస్త్రధర్మ మైనప్పుడు, శాస్త్రజ్ఞుల తీర్పు మాత్రము ఆ ధర్మమునకు వెలియగునా?