కొత్త కొలిమి కింద పాత ఊళ్లు

బడిలో మేం పిల్లల చేత భిలాయి, రూర్కెలా, బొకారో, విశాఖపట్నం అని ఉక్కు కర్మాగారాల పేర్లు బట్టీ వేయిస్తుంటాం. భారతదేశ పటంలో ఒక్కోదానికి ఒక్కో చుక్క పెట్టిస్తాం. చుక్క సరైన చోట పడితే మార్కు, లేకపోతే సున్నా. ఆ చుక్క కింద అంతకుముందు ఏ ఊరుండేదని ఏ పిల్లవాడైనా అడిగితే మా దగ్గర జవాబు ఉండదు, పుస్తకంలో అసలే ఉండదు. అందుకే ఎక్కడో యూరప్‌లో ఉన్న ఒక ఉక్కు పట్టణం గురించి చదువుతున్నప్పుడు, దాని కింద పోయిన ఊళ్ల పేర్లు వరసగా కనబడేసరికి ఆగిపోయాం. మొగీవా, ప్లెషూవ్, క్షెస్వావిత్సే, బియెంచిత్సే. పలకడానికి మన నోటికి కష్టమే. అయినా పేర్లున్నాయి.

ఆ పట్టణం నోవా హుతా. పోలండ్ దేశపు పాత రాజధాని క్రాకోవ్‌కు తూర్పున పది కిలోమీటర్ల దూరంలో, విస్తులా నదికి ఉత్తరపు ఒడ్డున ఉంది. పోలిష్ భాషలో నోవా అంటే కొత్త. హుతా అంటే లోహమో గాజో కరిగించే చోటు. మన మాటల్లో కొత్త కొలిమి. పేరులోనే కొత్త అని పెట్టుకుంది కానీ ఆ నేల మాత్రం చాలా పాతది. నది ముంచే పల్లపు మైదానం, దాని పక్కన కాస్త ఎత్తుగా మెరక, ఆ మెరక మీద గాలి తెచ్చి పోసిన మెత్తటి మట్టి, నల్లరేగడి. ద్లూబ్నియా అనే చిన్న ఏరు ఉత్తరం నుంచి వచ్చి విస్తులాలో కలుస్తుంది. ఎరువు పెద్దగా వేయకపోయినా గోధుమ పండే నేల. ఇక్కడి కూరగాయలు క్రాకోవ్ సంతకు వెళ్లేవి. పునాదులు తవ్వుతుంటే రాతియుగం నాటి కుండలు, పనిముట్లు బయటపడ్డాయంటే, వేల ఏళ్లుగా మనుషులు ఈ మట్టిని వదలలేదన్న మాట. మొగీవాలో పదమూడో శతాబ్దం నుంచి క్రైస్తవ సన్యాసుల మఠం ఉంది. దానికి కొంచెం దూరంలో పద్నాలుగు మీటర్ల ఎత్తు మట్టిదిబ్బ ఒకటి ఉంది. పరాయి రాజును పెళ్లాడడం ఇష్టం లేక విస్తులాలో దూకిన వాండా అనే రాకుమారి సమాధి అది అని జనం చెప్పుకుంటారు. మొగీవా అంటేనే సమాధి దిబ్బ. మన ఊళ్లలో నిలబెట్టిన రాళ్లను బట్టి చోటుకు పేరు వచ్చినట్టే ఇదీ.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక పోలండ్ సోవియట్ నీడలోకి వచ్చింది. పాడైపోయిన దేశాన్ని బరువు పరిశ్రమలతో నిలబెట్టాలన్నది కొత్త ప్రభుత్వం పట్టుదల. 1948లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. యంత్రాలు, నమూనాలు వాళ్లవి. ఖర్చు, చెమట వీళ్లవి. మొదట కర్మాగారాన్ని పడమటి బొగ్గు ప్రాంతం సైలీషియాలో కట్టాలనుకున్నారు. తర్వాత క్రాకోవ్ పక్కకు మార్చారు. ఇక్కడ ఇనుప రాయి లేదు, బొగ్గు లేదు. బొగ్గు సైలీషియా నుంచి, ఇనుప రాయి ఎక్కడో సోవియట్ ఉక్రెయిన్‌లోని క్రివీ రీహ్ గనుల నుంచి రైల్లో రావాలి. మరి ఇక్కడే ఎందుకు? నీళ్లకు విస్తులా ఉంది, రైలు మార్గం ఉంది, నేల చదునుగా ఉంది, చుట్టుపక్కల పల్లెల్లో సెంటు భూమి మీద పదిమంది బతికే బీదరికం ఉంది కాబట్టి కూలీలు దొరుకుతారు. ఇవి లెక్కలు. జనం చెప్పుకునే కారణం వేరు. క్రాకోవ్ పండితుల, పూజారుల, పాత కుటుంబాల నగరం. 1946లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ఊరు ప్రభుత్వానికి ఎదురు ఓటేసింది. దాని పక్కన లక్షమంది కార్మికులతో ఒక ఊరు పెడితే ఆ పొగరు అణుగుతుందని పాలకులు అనుకున్నారని ఇప్పటికీ అంటారు. చరిత్రకారులు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. మాకు రెండూ నిజమే అనిపిస్తుంది. భూమి తీసుకునేవాడికి ఒకే కారణం ఉండడం మేం ఎక్కడా చూడలేదు.

1949 ఏప్రిల్‌లో ఒక డిక్రీ వచ్చింది. జాతీయ ఆర్థిక ప్రణాళికలకు కావలసిన స్థలాన్ని తీసుకోవచ్చు అని. మన దగ్గర 1894 భూసేకరణ చట్టం ప్రజాప్రయోజనం అన్న ఒక్క మాటతో ఎంత పని చేసిందో తెలిసినవాళ్లకు ఈ డిక్రీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది దొరల చట్టం, ఇది కష్టజీవుల ప్రభుత్వం చట్టం. పొలం గట్టు మీద నిలబడ్డ రైతుకు మాత్రం సర్వేయరు ఇద్దరి చట్టంలోనూ ఒకేలా కనబడతాడు. 1949 జూన్ 23న మొగీవా పొలాల్లో మొదటి ఇంటికి పని మొదలైంది. గోధుమ కోతలు అక్కడ జులై, ఆగస్టుల్లో. మొదటి ఇళ్ల సముదాయానికి వాండా పేరే పెట్టారు. ఊరు పోయింది కానీ ఊరి కథలో రాకుమారిని మాత్రం ఉంచుకున్నారు.

పట్టణానికి నమూనా గీసిన బృందానికి తదేయుష్ ప్తషిత్స్కి పెద్ద. నిజం చెప్పాలి, నమూనా బాగుంది. సగం బండి చక్రాన్ని ఊహించుకోండి. ఇరుసు దగ్గర సెంట్రల్ స్క్వేర్. అక్కడి నుంచి ఆకుల్లాగా ఐదు వెడల్పాటి దారులు. దక్షిణం వైపు మాత్రం కట్టడాలు లేకుండా విస్తులా గడ్డిమైదానం వైపు తెరిచి ఉంటుంది. ఒక దారి ఈశాన్యంగా కర్మాగారం గేటు దాకా పోతుంది. దానికి లెనిన్ పేరు. ఇళ్లు పేటలు పేటలుగా, ప్రతి పేటకూ ఐదారు వేలమంది. పేటలోనే బడి, చంటిపిల్లల కేంద్రం, అంగడి, చెట్లు. బడికి వెళ్లే పిల్లవాడు పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. ఈ ఆలోచన పుట్టింది అమెరికాలో, న్యూయార్క్‌లో. సోషలిస్టు ఆదర్శ నగరంలోకి అది చెప్పకుండా వచ్చి కూర్చుంది. తోరణాల వసారాలు, పైకప్పు అంచు చెక్కడాలు పాత ఇటలీ మేడల్లాంటివి. అనుకున్న పురమందిరం మాత్రం కట్టనే లేదు. డబ్బులు కొలిమికే సరిపోయాయి.

కట్టినవాళ్లెవరు? పల్లె కుర్రాళ్లు. అర ఎకరం భూమి నలుగురన్నదమ్ములకు పంచితే మిగిలినవాళ్లు. సర్వీస్ టు పోలండ్ అనే యువదళాల్లో చేరి గుడారాల్లో, రేకుల షెడ్లలో ఉన్నారు. మోకాలి లోతు బురద. తారు రోడ్డుకు ముందు రబ్బరు బూట్లు వచ్చాయి. చాలామందికి చదువు రాదు. అదే 1949లో నిరక్షరాస్యత నిర్మూలన చట్టం కూడా వచ్చింది కాబట్టి పగలు ఇటుకలు మోసినవాళ్లు రాత్రి పలక పట్టారు. ఉపాధ్యాయులుగా మేం ఇది చిన్న విషయమని అనలేం. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా తిరిగిన మనిషికి మొదటిసారి తన పేరు తాను రాయడం, కుళాయి తిప్పితే నీళ్లు, తలుపుకు తాళం, నెలకు జీతం. ఆడవాళ్లు కూడా తాపీ పట్టారు, క్రేన్లు నడిపారు. ఈ పట్టణాన్ని తిట్టేవాళ్లు చాలామంది ఈ కుళాయిని మరిచిపోతారు. వాళ్లింట్లో ఎప్పుడూ కుళాయి ఉండబట్టి.

పియోతర్ ఓజాన్‌స్కీ అనే తాపీమేస్త్రి తన జట్టుతో 1950లో ఒకే షిఫ్టులో 30 వేలకు పైగా ఇటుకలు పేర్చాడు. అతని బొమ్మ అన్ని పత్రికల్లో వచ్చింది. ఆండ్రే వైదా 1977లో తీసిన పాలరాతి మనిషి సినిమాకు అతని కథ ఆధారం. ఒకడు పేర్చి చూపించిన లెక్కను తర్వాత అందరి మీదా కొలతగా పెడతారు. పని కొలతల దగ్గర నిలబడ్డ ఏ కూలీకైనా తెలిసిన సంగతే. 1955లో ఆడం వజిక్ అనే కవి, పార్టీ మనిషే, ఇక్కడి బతుకుల గురించి పెద్దల కోసం పద్యం అనే పేరుతో కటువైన కవిత రాశాడు. ప్రచురించిన సంపాదకుడి ఉద్యోగం పోయింది. అదే ఏడాది రిషార్డ్ కపుషిన్‌స్కీ అనే కుర్ర విలేకరి అదే మాట వార్తా కథనంగా రాశాడు. విచారణ వేశారు. రాసింది నిజమేనని తేలింది. అతనికి పతకం ఇచ్చారు. ప్రభుత్వాలు ఎప్పుడు జైలుకు పంపుతాయో, ఎప్పుడు శాలువా కప్పుతాయో చెప్పడం కష్టం.

ఇంకొక జనం గురించి ఆగి చెప్పాలి. దక్షిణాన కార్పేతియన్ కొండల్లో ఉండే రోమాలు. బెర్గిత్కా రోమాలంటారు. సంచారం మానేసి ఎన్నో తరాలుగా కొండపల్లెల అంచున గుడిసెల్లో ఉంటూ రాళ్లు కొట్టి, ఇనుప పని చేసి, వాయిద్యాలు వాయించి బతికినవాళ్లు. వాళ్ల పూర్వీకులు వందల ఏళ్ల కిందట భారతదేశం నుంచే వెళ్లారు. వాళ్ల భాషలో ఇప్పటికీ నీళ్లు పానీయే, రెండు దుయే. నోవా హుతా మొదలవగానే వాళ్లను కుటుంబాలకు కుటుంబాలు పనికి తెచ్చారు. 1952లో రోమాలను ఒక చోట స్థిరపరచాలని ప్రభుత్వం తీర్మానం చేసినప్పుడు నోవా హుతానే ఉదాహరణగా చూపించారు. ఇల్లు దొరికింది, పిల్లలు బడికెళ్లారు. అదే సమయంలో వాళ్ల బతుకుతీరును ఒక రోగంలా చూసి, మాన్పించాల్సిందిగా లెక్కవేశారు. అభివృద్ధి శాఖల కాగితాల్లో మన గురించి రాసే వాక్యాలు చదివినవాళ్లకు ఈ రెండూ ఒకే చేతి నుంచి ఎలా వస్తాయో అర్థమవుతుంది.

మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1954 జులైలో వెలిగింది. కర్మాగారానికి లెనిన్ పేరు పెట్టారు. అంతకు మూడేళ్ల ముందే పట్టణాన్ని క్రాకోవ్‌లో కలిపేశారు. ఏడాదికి 15 లక్షల టన్నుల ఉక్కు అనుకున్నది పెంచుకుంటూ పోయారు. 1970ల చివరికి 60 లక్షల టన్నులు దాటింది, సుమారు 40 వేల మంది పనిచేశారు. పట్టణం లక్షకని గీస్తే రెండు లక్షలు దాటింది. ఆ పొగ, ఆ ధూళి చుట్టూ ఉన్న పొలాల మీద, క్రాకోవ్ గుడుల రాతి బొమ్మల మీద పడింది. ఇంకా సాగులో మిగిలిన తూర్పు పొలాల మట్టిలో సీసం, కాడ్మియం చేరాయి. మొదట భూమిని తీసుకున్నారు, తీసుకోనిదాన్ని పాడుచేశారు.

ఈ పట్టణం నమూనాలో గుడి లేదు. దేవుడి అవసరం లేని కార్మికుల ఊరు అన్నది ఉద్దేశం. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఊరుకోలేదు. 1956లో కాస్త సడలింపు వచ్చినప్పుడు గుడికి అనుమతి దొరికింది, స్థలం చూపించారు, 1957లో జనం అక్కడ చెక్క సిలువ నిలబెట్టారు. తర్వాత అనుమతి వెనక్కి తీసుకున్నారు. అదే స్థలంలో బడి కడతామన్నారు. 1960 ఏప్రిల్ 27న సిలువ తీయడానికి మనుషులు వస్తే ముందు ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. షిఫ్టు దిగిన కార్మికులు వచ్చి కలిశారు. రాళ్లు, బాష్పవాయువు, తుపాకులు, వందల అరెస్టులు. సిలువ మిగిలింది. మాకు ఈ కథలో ఎక్కువ నొప్పి కలిగించింది బడిని అడ్డం పెట్టుకోవడం. బడి కావాలా, మీ దేవత కావాలా అని అడిగితే మన ఊళ్లలో ఏం చెప్పాలో తెలియక తల దించుకున్న పెద్దలు గుర్తొచ్చారు. రెండూ కావాలని చెప్పే హక్కు ఉందని ఆ రోజు ఆ ఆడవాళ్లు చెప్పారు. పక్కనే బియెంచిత్సేలో గుడి కట్టడం 1967లో మొదలై 1977లో అయింది. గోడలకు పొదిగిన లక్షల గులకరాళ్లు కొండ ఏళ్ల నుంచి ఏరి తెచ్చినవి. దాన్ని ప్రతిష్ఠించిన కార్డినల్ కరోల్ వొయ్‌తీవా మరుసటి ఏడే పోప్ అయ్యాడు.

సోషలిజం కోసం కట్టిన ఊళ్లోనే సోషలిస్టు ప్రభుత్వం మీద పెద్ద తిరుగుబాటు. 1980లో సాలిడారిటీ సంఘం పుట్టినప్పుడు కర్మాగారం దాదాపు మొత్తం అందులో చేరింది. సైనిక పాలన రోజుల్లో, 1982 అక్టోబరు 13న, బోగ్దాన్ వ్వోషిక్ అనే ఇరవై ఏళ్ల కార్మికుణ్ణి ఆ గుడి దగ్గరే రహస్య పోలీసు కాల్చి చంపాడు. 1989 డిసెంబరులో రోజాల దారిలోని లెనిన్ విగ్రహాన్ని క్రేనుతో ఎత్తేశారు. అది తర్వాత స్వీడన్‌లో ఒక వినోదాల పార్కుకు అమ్ముడుపోయింది. లెనిన్ దారి సాలిడారిటీ దారి అయింది. సెంట్రల్ స్క్వేర్‌కు 2004లో అమెరికా అధ్యక్షుడు రీగన్ పేరు తగిలించారు. ఊరి జనం ఇంకా సెంట్రల్ స్క్వేర్ అనే అంటారు.

అప్పటికి కర్మాగారం లక్ష్మీ మిట్టల్ కంపెనీ చేతికి వెళ్లింది. మన దేశంలో పుట్టిన మనిషి. సోవియట్ యంత్రాలతో మొదలై, పోలిష్ రైతుల భూమి మీద నిలబడి, చివరికి భారతీయుడి పేరు మీద తేలిన కొలిమి. 2020లో బ్లాస్ట్ ఫర్నేస్‌ను పూర్తిగా మూసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. రోలింగ్ మిల్లులు మిగిలాయి.

సోవియట్ సాయంతోనే కట్టిన ఇంకో కర్మాగారం మాకు దగ్గర. అరకు లోయ గుండా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైను మీద బైలదిల్లా కొండల ఎర్రరాయి గూడ్సు బండ్ల నిండా విశాఖకు దిగుతుంది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో జనం ప్రాణాలిచ్చి అడిగారు. ఆ నినాదంలో రాయి ఇచ్చిన కొండవాళ్ల పేరు లేదు. భూములిచ్చిన ఊళ్లవాళ్లలో చాలామంది ఆర్ కార్డు చేత పట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతూనే ముసలివాళ్లయ్యారు.

నోవా హుతా పట్టణం పాత భాగాన్ని 2023లో పోలండ్ జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. సెంట్రల్ స్క్వేర్‌కు దక్షిణాన ఉన్న గడ్డిమైదానం, సుమారు 57 హెక్టార్లు, ఇప్పుడు రక్షిత స్థలం. ఒకప్పుడు విస్తులా పారిన జాడ అది. అరుదైన సీతాకోకచిలుకలు ఉంటాయి. వాండా దిబ్బ కూడా అలాగే ఉంది. కర్మాగారం పక్కనే, ట్రాము లైనుకు దగ్గర్లో. పైకెక్కి నిలబడితే ఒకవైపు కర్మాగారం షెడ్లు, మరోవైపు మొగీవా పొలాల మీద లేచిన ఇళ్లు కనబడతాయి.