హ-స-ల ధాతువు: మయూర్ విహార్ తహసీలు నుంచి పక్షి గొంతు సంచి దాకా

2012లో ఢిల్లీ జిల్లాలు తొమ్మిది నుంచి పదకొండయినప్పుడు తూర్పు జిల్లాలో మయూర్ విహార్ ఒక సబ్‌డివిజన్ అయింది. అక్కడి రెవెన్యూ అధికారి తహసీల్దారు. కాలనీ పేరు సంస్కృతం. పదవి పేరులో ‘తహసీలు’ అరబ్బీ, ‘దారు’ పారసీ. యమున ఒడ్డు పొలాల్లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) ఇళ్లు లేచాక శిస్తు కన్నా ధ్రువపత్రాల పనే ఎక్కువ. పేరు మాత్రం పన్ను రాబట్టిన కాలానిదే. అయితే ఈ పన్ను అర్థం ధాతువులో ఉన్నదా, తర్వాత వచ్చి చేరినదా?

అరబ్బీలో ‘హసల’ అంటే లభించింది, కలిగింది. ‘హాసిల్’ చేతికందినది, ‘మహ్‌సూల్’ దిగుబడి. నడిమి హల్లు ద్విత్వమైతే ‘హస్సల’, అంటే రాబట్టాడు; దాని క్రియానామమే ‘తహ్‌సీల్’. ఖురాన్‌లో ఈ ధాతువు ఒక్కచోటే, నూరో సూరా పదో ఆయత్‌లో, ద్విత్వ రూపపు కర్మణి ప్రయోగంగా కనిపిస్తుంది. అక్కడ బయటపడేది మనుషుల గుండెల్లో దాగినది.

1004లో మరణించిన అరబ్బీ నిఘంటుకర్త ఇబ్న్ ఫారిస్ ‘మఖాయీసుల్ లుగా’లో దీని మూలార్థం పోగుచేయడమేనన్నాడు. పక్షి గింజలు నిల్వ చేసుకొనే గొంతు సంచికి ‘హౌసలా’ అనే పేరు అందుకే వచ్చిందన్నాడు. రాతి నుంచీ గని మట్టి నుంచీ బంగారం, వెండి వేరుచేయడమే తహ్‌సీల్ అసలర్థమని కొందరు అంటారని కూడా రాశాడు, కానీ దాన్ని తన మాటగా చెప్పలేదు. నా దృష్టిలో ఆ రెండో వాదం ఆయత్‌కు చక్కగా అతుకుతుంది, పక్షి సంచికి అతకదు. ధాతువుకు పోగుచేయడం, ద్విత్వ రూపానికి వేరుచేసి రాబట్టడం అనుకుంటే రెండూ నిలుస్తాయి. పన్ను ఈ రెండింటిలోనూ లేదు.

విద్యార్జన కూడా తహ్‌సీలే. పారసీలో, తుర్కీలో ఇప్పటికీ ఆ మాటకు చదువు అనే అర్థముంది. ఇస్లామీ పండితుడు ఫఖ్రుద్దీన్ రాజీ రాసిన ధర్మశాస్త్ర సూత్రాల గ్రంథం పేరు ‘అల్-మహ్‌సూల్’. దాని సంక్షేపాల్లో ఒకటి ‘అల్-హాసిల్’, మరొకటి ‘అల్-తహ్‌సీల్’. పండితులకూ చమత్కారం తెలుసు! హిందీలో పక్షి సంచి సామర్థ్యమై, ఆపై ధైర్యమై ‘హౌస్లా’గా స్థిరపడింది, కూడికలో పక్క స్థానానికి పోయే అంకె ‘హాసిల్’.

తెలుగుకు ప్రధానంగా దక్కింది కచేరీ కొమ్మే: తహసీలు, తహసీల్దారు, మహసూలు. పాలకుల పారసీ దస్తావేజుల గుండా రావడమే కారణం. జనం నోట ‘తహ’ దీర్ఘమై ‘తా’ అయింది, ఇకారం ముందు సకారం శకారమై ‘తాశీల్దారు’ పుట్టాడు. ఇలాంటి మాటలకే బ్రౌన్ 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. 1985లో తెలుగునాట మండలాలతో పాటు ‘మండల రెవెన్యూ అధికారి’ వచ్చినా, ఆ తర్వాత పాత పేరే తిరిగొచ్చింది.

‘వసూలు’ను మాత్రం ఈ కుటుంబంలో కలపకూడదు. చివరి రెండు హల్లులు ఒకటే అయినా దాని ధాతువు ‘వ-స-ల’, అర్థం చేరుకోవడం.