కుడివైపు సీటు

కాక్‌పిట్‌లో ఎడమవైపు కెప్టెన్ కూర్చుంటారు, కుడివైపు కో-పైలట్. లైసెన్సు చేతికొచ్చిన కుర్రాడికైనా అమ్మాయికైనా ముందు కావలసింది ఆ కుడివైపు సీటే. అది దొరికితే ఎడమవైపుకు జరగడం కొన్నేళ్ల పని. దొరక్కపోతే లైసెన్సు బీరువాలో ఉంటుంది, అప్పు బ్యాంకులో ఉంటుంది. నేను పైలట్ కోర్సు పిల్లలకు నావిగేషన్, మెటియరాలజీ చెప్పుకుని బతికినవాణ్ణి. బేగంపేట విమానాశ్రయం గోడ పక్కనే నా ఉద్యోగమంతా గడిచింది. ఏ చిన్న విమాన సంస్థ పెట్టినా, ఏది మూతపడినా ముందుగా తెలిసేది మా క్లాసురూములోనే.

ఈ కుడివైపు సీటు కథ మా హైదరాబాద్‌లో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో మొదలవుతుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన సంస్థ అది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి మిలటరీ డకోటా విమానాలు చవగ్గా అమ్మకానికి వస్తున్న రోజులు. డకోటా ఉంటే చాలు, ఎయిర్‌లైన్ పెట్టెయ్యవచ్చు అనుకున్నారు చాలామంది. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని, 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్ ఈ సంస్థలన్నిటి గుమ్మాలూ ఎక్కి దిగింది. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు ఎక్కరేమోనని వాళ్ల భయం. చివరికి తీసుకున్నది హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ మొదటి కొలువు మన దగ్గర దొరికింది.

ఇంతవరకు గర్వంగా చెప్పుకుంటాం. తర్వాతి ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. కావలసిన గంటలు పూర్తయ్యాక కూడా ఆవిడకు ఎడమవైపు సీటు ఇవ్వలేదు. 1949లో నేషనల్ ఎయిర్ రేస్ గెలిచిన మనిషి ఆవిడ. ఆ సంస్థలో మాత్రం కుడివైపే కూర్చోవాలి. విసిగి ఢిల్లీ వెళ్లి జి.డి. బిర్లా సొంత విమానం నడిపింది, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. బేగంపేటలో ఆవిడ పేరుతో ఒక్క బోర్డు కూడా నేను చూడలేదు. రాజకీయ నాయకుల పేర్లు పెట్టడానికి మనకు గోడలు చాలడం లేదు కదా.

1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసిపోయి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ అయ్యాయి. అప్పటినుంచి దాదాపు నలభై ఏళ్లు దేశంలో తిరిగే విమానాల్లో పైలట్ ఉద్యోగం అంటే ప్రభుత్వ ఉద్యోగం. ఖాళీలు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. కానీ ఒక్క మేలుంది. నేర్చుకునే ఖర్చులో సర్కారు చెయ్యి ఉండేది. ఫ్లయింగ్ క్లబ్బులకు గంటకు ఇంతని సబ్సిడీ ఇచ్చేవారు. ఎంపికైనవాళ్లకు పెద్ద విమానం మీద శిక్షణ సంస్థే ఇప్పించేది. ఆ శిక్షణ జరిగింది కూడా మన ఊళ్లోనే. ఫిరోజ్‌గూడలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఉండేది. కలకత్తావాడైనా మద్రాసువాడైనా సిమ్యులేటర్ ఎక్కాలంటే హైదరాబాద్ రావలసిందే. సాయంత్రం పూట సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర గుంపుగా కనిపించే ఆ ట్రైనీలను చూసి మా కుర్రాళ్లు నిట్టూర్చేవారు.

క్లబ్బుల్లో అప్పట్లో నేర్పేది పుష్పక్ మీద. హెచ్‌ఏఎల్ బెంగళూరులో తయారుచేసిన విమానం, గుడ్డ కప్పిన రెక్కలు, తొంభై హార్స్‌పవర్ ఇంజను, పక్కపక్కనే రెండు సీట్లు. మొదట్లో అన్నీ సర్క్యూట్లే. ఎక్కడం, తిరగడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఒకరోజు ఉన్నట్టుండి ఇన్‌స్ట్రక్టర్ తలుపు తీసి దిగిపోతాడు. "ఒక్క సర్క్యూట్ కొట్టి రా" అంటాడు, అంతే. అదే సోలో. పక్కన మనిషి బరువు లేకపోవడంతో విమానం రన్‌వే సగంలోనే లేచిపోతుంది, అలవాటు లేని చెయ్యి ఉలిక్కిపడుతుంది. దిగి వచ్చాక స్నేహితులు బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. ఆ తడి బట్టలతోనే లాగ్‌బుక్ తీసి రాస్తారు: తేదీ, విమానం రకం, వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్, ఎక్కడినుంచి ఎక్కడికి, డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో) ఎంత, సోలో ఎంత. మొదటిసారి సోలో గడిలో పడేది పదినిమిషాలు. అక్కడినుంచి కమర్షియల్ లైసెన్సుకు రెండు వందల గంటలు చేరాలి.

ఆ గడులు నింపే తొందరలో అడ్డదారులూ పుట్టాయి. ఎగరకుండా పెన్నుతో రాసేసిన గంటలను మావాళ్లు పార్కర్ గంటలంటారు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సు తెచ్చుకున్న పైలట్లు పట్టుబడ్డప్పుడు దేశం గగ్గోలు పెట్టింది. మా వీధిలో మాత్రం ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

1981 జనవరిలో వాయుదూత్ వచ్చింది. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన సంస్థ. ముందు ఈశాన్య రాష్ట్రాల కోసం అన్నారు, తర్వాత దేశమంతా చిన్న ఊళ్లకు పాకించారు. హెచ్‌ఏఎల్ కాన్పూర్‌లో లైసెన్సు మీద తయారుచేసే పందొమ్మిది సీట్ల డోర్నియర్ అందులో ఉండేది. మంత్రులకు అది మారుమూలకు విమానం. లైసెన్సు పట్టుకుని ఏళ్లుగా ఖాళీగా తిరుగుతున్న కుర్రాళ్లకు అది కుడివైపు సీటు. నాతోపాటు క్లబ్బులో తిరిగిన ఒకతను కిరాణా కొట్టు లెక్కలు రాసుకుంటున్నవాడల్లా డోర్నియర్ ఎక్కాడు. సీటు నిండకపోయినా విమానం ఎగరాలి, రాజకీయ నాయకుడు అడిగిన ఊరికల్లా వెళ్లాలి. అలాంటి వ్యాపారం ఎంతకాలం నిలుస్తుంది? 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. అతని అదృష్టం, సంస్థ పోయినా ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత మూతపడ్డ ఏ ప్రైవేటు సంస్థలోనూ పైలట్లకు ఆ దిక్కు లేకపోయింది.

తొంభైల్లో వచ్చి పోయిన ప్రైవేటు సంస్థల సంగతి వదిలేద్దాం. అసలు గాలి మారింది 2003లో, కెప్టెన్ గోపీనాథ్ బెంగళూరులో ఎయిర్ డెక్కన్ పెట్టినప్పుడు. 'ఆకాశం నీ హద్దురా' సినిమా చూసినవాళ్లకు ఆ కథ తెలుసు. దానికీ మన పాత డెక్కన్ ఎయిర్‌వేస్‌కూ పేరు తప్ప చుట్టరికం లేదు. ఏటీఆర్ విమానాలతో చిన్న ఊళ్లకు వెళ్లిందది. వెనకే మరికొన్ని సంస్థలు. ఉన్నట్టుండి పైలట్లు చాల్లేదు, విదేశీ కెప్టెన్లను తెచ్చారు. ఇంకేం, మా క్లాసుల్లో కూర్చోవడానికి చోటు లేదు. అమెరికాకు, ఫిలిప్పీన్స్‌కు పంపి లైసెన్సు చేయించిన తండ్రులు ఎంతమందో. పిల్లలు తిరిగొచ్చేసరికి 2008 మాంద్యం. ఎయిర్ డెక్కన్‌ను కలుపుకున్న కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది.

ఈ సందడిలోనే ఖర్చు జేబు మారింది. క్లబ్బుల సబ్సిడీ అప్పటికే పోయింది. టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడిపే అర్హత, పూర్వం సంస్థ డబ్బుతో వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల అభ్యర్థే కొనుక్కుని రావాలి, లేకపోతే దరఖాస్తు చూడరు. కొందరు ఉద్యోగమిచ్చి బాండ్ రాయించుకుంటారు. చరిత్రలో దీన్ని మించిన మార్పు లేదని నా అభిప్రాయం. గుడ్డ రెక్కల పుష్పక్ పోయి గాజు తెరల సెస్నా వచ్చిందని అందరూ చెబుతారు. నష్టభయమంతా సంస్థ నెత్తిమీంచి ఒక రైతు నెత్తికో, ఒక స్కూలు టీచరు నెత్తికో మారిందని చెప్పేవాళ్లు తక్కువ.

అదెంత బరువో విజయవాడవాళ్లకు తెలుసు. ఎయిర్ కోస్టా అక్కడి సంస్థే, 2013 అక్టోబరులో ఎంబ్రాయర్ జెట్లతో మొదలైంది. సొంత ఊరి ఎయిర్‌లైన్‌లో సీటు అని మావాళ్లు కొందరు పొంగిపోయారు. 2017 ఫిబ్రవరి ఆఖరుకు విమానాలు ఆగాయి. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. అప్పుడు దేశంలో ఆ ఎంబ్రాయర్ జెట్లు నడిపే మరో షెడ్యూల్డ్ సంస్థే లేదు. లక్షలు పోసి తెచ్చుకున్న రేటింగ్ ఒక్క రోజులో ఎందుకూ కొరగాకుండా పోయింది. అవే లక్షలు మళ్లీ పోస్తే తప్ప ఎయిర్‌బస్ తలుపు తెరుచుకోదు.

ఆ రెండు నెలలకే, 2017 ఏప్రిల్ 27న, ప్రధాని సిమ్లానుంచి, చిన్న ఊళ్లకు చవగ్గా విమానాలు నడిపే ఉడాన్ పథకం ప్రారంభించారు. ఆరోజు జెండా ఊపిన వాటిలో కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు మన హైదరాబాద్ ట్రూజెట్‌వి. చవక టికెట్‌తో కడప వెళ్లిన ముసలావిడలను టీవీలో చూపించారు. ట్రూజెట్ ఏటీఆర్‌లలో కుడివైపు కూర్చున్న మా శిష్యులను మాత్రం ఎవరూ చూపించలేదు. 2022 ఫిబ్రవరికి అదీ ఆగింది. ఏటీఆర్ రేటింగ్ ఉన్నవాళ్లు కాస్త నయం, ఆ విమానాలు వేరేచోట కూడా ఉన్నాయి.

2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. అంతకుముందెన్నడూ అన్ని ఇవ్వలేదు. పెద్ద సంస్థలు వందలకొద్దీ విమానాలకు ఆర్డర్లు పెట్టాయి, పేపర్లనిండా పైలట్ల కొరత. మొన్న మార్కాపురం వైపునుంచి ఒక తండ్రి వచ్చారు. "సార్, ఇప్పుడు చేరిస్తే మా అమ్మాయికి ఉద్యోగం గ్యారంటీయేనా?" అన్నారు. "ఆర్డరు ఇచ్చిన విమానం వచ్చేది ఎప్పుడో ఎయిర్‌లైన్‌కే తెలీదండీ, నాకేం తెలుస్తుంది?" అన్నాను. ఆయనకు నచ్చలేదు. పక్క వీధిలో గ్యారంటీ చెప్పేవాళ్లు ఉన్నారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పిల్లల్ని పంపదలచుకున్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ముందు క్లాస్ 2, ఆ వెంటనే క్లాస్ 1 మెడికల్ చేయించండి. కళ్లలోనో గుండెలోనో తేడా ఉంటే అప్పుడే తేలిపోతుంది. ఇంటర్ అయ్యాక కంప్యూటర్ నంబర్ (పరీక్షల రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకుని డీజీసీఏ పేపర్లు రాయించండి. విమానం ఎక్కకముందే అవి రాయవచ్చు, ఖర్చు తక్కువ. ఫ్లయింగ్ స్కూలుకు మొత్తం ఫీజు ఒకేసారి కట్టకండి, ఎగిరిన గంటల లెక్కన కట్టండి. అపాయింట్‌మెంట్ ఉత్తరం చూడకుండా టైప్ రేటింగ్‌కు అప్పు చెయ్యకండి.