క్లౌ దొర పుస్తకం: పాఠకుల మూడు అభిప్రాయాలు

తెలుగు సంఘ చరిత్ర గురించి మాట్లాడుకునేటప్పుడు తరచుగా ముందుకు వచ్చే పుస్తకం ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’. ఒంగోలులో సేవచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రాశారు. ఆయన మరణించాక 1914లో అచ్చయింది. దీనిపై పాఠకుల్లో ముఖ్యంగా మూడు అభిప్రాయాలు వినిపిస్తాయి.

మొదటిది: ఇది దొరల కథ, మనవాళ్లు ఇందులో పక్కపాత్రలే. ఈ ఫిర్యాదులో కొంత నిజం ఉంది. చెప్పినది మిషనెరీ, రాసినది ఆయన భార్య. కానీ శ్రద్ధగా చదివితే యెర్రగుంట్ల పేరయ్య కనబడతాడు. మాదిగ కుటుంబంలో పుట్టి, యోగమార్గంలో దేవుణ్ణి వెదకి, 1866లో బాప్తిస్మం పొందిన ఆయన తన బంధువుల ఊళ్లకు వెళ్లి సువార్త చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకున్నారు.

రెండవది: వారు అన్నం కోసం వచ్చినవారు. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చారన్నది నిజం. అయితే ఆ కాలంలో ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. ఇక ఇచ్చే సాయం లేదని చెప్పినా జనం వచ్చారని పుస్తకం చెబుతుంది. కష్టంలో చూసిన ప్రేమ వారి మనసును తాకలేదని మనం అనలేం, అనవలసిన అవసరమూ లేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడం వేరు, అన్నం చూపి బాప్తిస్మమివ్వడం వేరు. నేటికీ ఈ నింద మోస్తున్న విశ్వాసులు ఈ తేడాను తెలుసుకోవాలి. మన సేవలో ఆ తేడా చెరిగిపోకుండా కాపర్లు జాగ్రత్తపడాలి.

మూడవది జైనూర్ వంటి చోట్ల నుండి వచ్చే మాట: మా ఊరు, మా గోండు, కొలాం విశ్వాసులు ఈ పుస్తకాల్లో ఎక్కడ? ఈ ప్రశ్న న్యాయమైనది. జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు నివసించారు. అక్కడివారి మాటలు విని ఆయన రాసిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడింది. వారిది సంఘ చరిత్ర కాదు. అయినా దగ్గరుండి, అడిగి, విని రాయడం ఎలాగో అది మనకు నేర్పుతుంది. లూకా కూడా కన్నులారా చూసినవారి మాటలను పరిశీలించాకే తన సువార్త రాశాడు.

కాబట్టి ప్రియ సంఘ పెద్దలారా, ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఊళ్లో మొదట విశ్వసించినవారు ఎవరు, వాక్యం ఏ భాషలో విన్నారు, మొదటి ప్రార్థన ఎవరి ఇంట జరిగింది, ఎవరి అభ్యంతరం ఎదురైంది, మన తప్పు ఎక్కడుంది? ముసలివారిని అడిగి, తేదీలు సరిచూసి రాయండి. మన తప్పులను దాచవద్దు. చూసినవారు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని జరగాలి.